నత్త గుల్ల, నాలుగు కొమ్ములు, ఒక కేకు: నా 21 రోజుల అనుభవం

మా పాపకు అయిదేళ్ళు నిండే రోజు 28వ తేదీ, శనివారం. సరిగ్గా మూడు వారాల ముందు, 7వ తేదీ పొద్దున, పళ్ళు తోముకుంటూ నోట్లో నురగతోనే తేల్చి చెప్పింది. "నేను నత్త. కేకు కూడా నత్తే. ఊదా రంగు గుల్ల."

ఏ పులో, సీతాకోకచిలుకో అంటే రెడీమేడ్ డ్రెస్సు కొని పడేద్దామని నా ప్లాను. నత్త డ్రెస్సు కోసం ఆ రాత్రి గంటన్నర ఫోన్లో వెతికాను. దొరికినవి రెండే. ఒకటి నెలల పిల్లలది, ఇంకొకటి పెద్దవాళ్ళది. పైగా పోయినేడాది కొన్న పులి డ్రెస్సు సంగతి నేనింకా మర్చిపోలేదు. మెడ దగ్గర గుచ్చుకుంటోందని విప్పి అవతల పారేసింది. ఫోటోల్లో టైము చూస్తే అది ఒంటి మీద ఉన్నది మొత్తం 7 నిమిషాలు.

సరే, మనమే కుడదాం అన్నాను. అప్పటిదాకా నాకు వచ్చిన కుట్టుపని చొక్కా గుండీ ఊడితే కుట్టుకోవడం. కేకుల్లో నా అనుభవమంతా తినడంలోనే. మా ఆవిడకు ఆఫీసులో నెలాఖరు పని. "కొలతలకు పిల్లను పట్టుకుంటాను, నిన్ను తిట్టకుండా ఉంటాను, అంతకు మించి మాటివ్వలేను" అంది. రెండో మాట సగమే నిలబెట్టుకుంది.

8వ తేదీ ఆదివారం కొలతలతో మొదలు. అయిదేళ్ళ పిల్ల చుట్టూ టేపు పట్టడమంటే కదిలే బల్లి పొడవు కొలవడమే. ఛాతీ కొలిచేసరికి చక్కిలిగింత, నడుము కొలిచేసరికి టేపు తన చేతిలో. చివరికి దారం చుట్టి, ముడి వేసి, ఆ దారాన్ని నేల మీద పరిచి కొలుచుకున్నాను. అప్పుడు బాగానే ఉందనిపించింది. తప్పు ఎక్కడ జరిగిందంటే, కొలతలన్నీ తను నిలబడి ఉండగానే తీసుకున్నాను.

మెడ నుంచి పాదాల దాకా ఒకే ముక్కగా గోధుమరంగు డ్రెస్సు కుట్టి, వీపు మీద గుల్ల పెట్టాలని అనుకున్నాను. అమ్మ దగ్గర మూలన ఉన్న కుట్టుమిషన్ తెచ్చుకున్నాను. తొమ్మిది గంటలకు కూర్చుంటే పదకొండింటికి కూడా ఒక్క వరస కుట్టు పడలేదు. పైన చూస్తే కుట్టు బాగానే ఉంది, కింద తిప్పి చూస్తే పిచ్చుక గూడు. దారం మార్చాను, సూది మార్చాను, కింది దారం ఉండే చిన్న కండె, బాబిన్, మళ్ళీ చుట్టాను. లాభం లేదు. మర్నాడు పొద్దున అమ్మకు ఫోన్ చేస్తే ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పైదారం ఎక్కించేటప్పుడు ఫుట్ పైకెత్తావా, దించి ఉంచావా?"

దించే ఉంచాను. ఫుట్ అంటే సూది దగ్గర గుడ్డను అదిమిపట్టే పాదం. అది దించితే పైదారాన్ని బిగించే లోపలి టెన్షన్ బిళ్ళలు రెండూ మూసుకుంటాయట. దారం వాటి మధ్యకు దిగకుండా పైపైనే పోతుంది, దానికి పట్టు ఉండదు, ఆ వదులు దారమంతా కిందకు వెళ్ళి చిక్కు పడుతుంది. చిక్కు కింద కనిపిస్తోంది కదా అని నేను రాత్రంతా బాబిన్‌ను తిట్టాను. తప్పేమో పైదారంలో ఉంది. ఫుట్ ఎత్తి ఎక్కించాక మొదటి వరసే చక్కగా పడింది. టెన్షన్ మిషన్‌కు ఉండాలిరా, నీకు కాదు అంది అమ్మ.

12వ తేదీ గురువారం రాత్రికి డ్రెస్సు ఒక రూపానికి వచ్చింది. నాకు నేనే భుజం తట్టుకున్నాను. 13న సాయంత్రం తొడిగాం. నిలబడితే అచ్చంగా సరిపోయింది. "కూర్చో" అన్నాను. కూర్చోబోయి సగంలో ఆగిపోయింది. మెడ దగ్గర లాగేస్తోంది, కాళ్ళ మధ్య పట్టేస్తోంది. కూర్చుంటే, వంగితే వెనకవైపు పొడవు పెరుగుతుందని నాకు తట్టనే లేదు. ఒకే ముక్క డ్రెస్సుకు అసలు కావలసిన కొలత వేరు. భుజం మీద మొదలుపెట్టి, ముందు నుంచి కాళ్ళ మధ్యగా వెనక్కి వచ్చి, మళ్ళీ అదే భుజం దాకా టేపు తిప్పి, దానికి ఇంకాస్త వదులు కలపాలి. నేను ఆ కొలతే తీసుకోలేదు.

అది చాలదన్నట్టు అప్పుడే "నాన్నా, బాత్రూమ్" అంది. జిప్పు వెనక పెట్టాను. గుడ్డ జిప్పు పళ్ళలో ఇరుక్కుంది. నేను లాగుతున్నాను, తను గెంతుతోంది, మా ఆవిడ తలుపు తీసి పట్టుకుని నిలబడింది. ఏం జరిగిందో విడమర్చి చెప్పక్కర్లేదు. డ్రెస్సు ఉతికి ఆరేశాను, మళ్ళీ తియ్యలేదు. అయిదు రాత్రుల పని.

ఆ రాత్రి మా ఆవిడ అల్మారాలోంచి పిల్ల రోజూ వేసుకునే గోధుమరంగు టోపీ టీషర్టు, ప్యాంటు తీసి మంచం మీద పెట్టింది. "నత్త ఒళ్ళు ఇదే. నువ్వు గుల్ల, కొమ్ములు కుట్టు" అంది. తనకు అలవాటైన బట్టలు, మెడ గుచ్చుకోదు, ప్యాంటు తనే దింపుకోగలదు. ఈ ముక్క 8వ తేదీనే అనుంటే బాగుండేది. "నువ్వు అడగలేదుగా" అంది.

గుల్ల గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మొత్తం పనిలో నాకు బాగా నచ్చినది అదే. అట్ట మీద రంగు వేయడం సులువే, కానీ అది బల్లపరుపుగా ఉంటుంది. ఊదా ఫ్లీస్ గుడ్డను పొడవాటి గొట్టంలా కుట్టి, లోపల దూది కూరి, చుట్టలా చుట్టి, గుండ్రటి అట్టకు కుడితే అసలైన గుల్లలా ఉబ్బెత్తుగా వస్తుందనిపించింది. గొట్టం 8 సెంటీమీటర్ల లావు, గుల్ల 40 సెంటీమీటర్ల వెడల్పు అనుకున్నాను. గొట్టం పొడవు ఎంత కావాలి? మీటరు చాలనుకున్నాను. పాత దుప్పటి చింపి, చుట్టి చూస్తే మీటరు గొట్టంతో గుల్ల మధ్యభాగమే అయింది, పెద్ద గుండ్రం అట్ట చుట్టూ ఖాళీగా మిగిలింది. అప్పుడు చిన్నప్పటి లెక్క గుర్తొచ్చింది. చుట్ట పరచుకునే వృత్తం వైశాల్యాన్ని గొట్టం లావుతో భాగిస్తే పొడవు వస్తుంది. వ్యాసార్ధం 20, వైశాల్యం 1256, దాన్ని 8తో భాగిస్తే 157. అంటే మీటరున్నర దాటాలి. గుడ్డ వెడల్పు లావుకు మూడు రెట్ల పైన, అంటే 25, కుట్టు అంచులకు రెండువైపులా ఒకటిన్నర చొప్పున కలిపి 28 సెంటీమీటర్లు. వైశాల్యం లెక్కలు జీవితంలో ఎక్కడ పనికొస్తాయని స్కూల్లో అడిగినవాణ్ణి నేనే.

14న శనివారం గొట్టం కుట్టడానికి 20 నిమిషాలు పట్టింది. దాన్ని తిరగేయడానికి గంటా పది నిమిషాలు. మీటరున్నర గొట్టాన్ని లోపలి వైపు బయటకు తేవడమంటే పాము కుబుసం విప్పుతున్నట్టే. ఒక చివర పిన్నీసు గుచ్చి లోపలికి దూర్చి, వేళ్ళతో తడుముకుంటూ అవతలికి లాగాలి. మధ్యలో పిన్నీసు విడిపోతే మళ్ళీ మొదటికి. నాకు రెండుసార్లు విడిపోయింది. ఎవరైనా చేస్తే మూడు పొట్టి గొట్టాలుగా కుట్టి, తిరగేసి, తర్వాత కలపండి. అతుకులు చుట్టలో కనిపించవు.

దూది కొనలేదు. పరుపు గదిలో అణిగిపోయిన పాత దిండ్లు రెండు ఉంటే కోసి అందులోని ఫైబర్ తీశాను. ఇంటి నిండా తెల్లటి పొగమంచు. రెండేళ్ళ మా చిన్నోడి కనుబొమ్మల మీద కూడా అదే. మూడు రోజుల దాకా ఎక్కడ ఊడ్చినా పోగులే వచ్చాయి. ఇంకో సంగతి, గట్టిగా కూరకూడదు. నేను మొదట దిట్టంగా కూరితే గొట్టం కర్రలా బిగుసుకుని వంపు తిరగలేదు. సగం పీకేశాక మెత్తగా చుట్టుకుంది.

17వ తేదీ మంగళవారం గుల్లకు భుజం పట్టీలు పెట్టి తగిలించాం. అద్దంలో చూసుకుని పిల్ల నోరు తెరిచింది. నేనూ తెరిచాను. ఈసారి బుద్ధి వచ్చింది కాబట్టి వెంటనే కుర్చీ వేసి కూర్చోమన్నాను. గుల్ల కింది అంచు కుర్చీకి తగిలి, పైఅంచు తల వెనక తన్ని, పిల్ల ముందుకు జారి నేల మీద పడింది. నవ్వుతూనే పడింది లెండి. 40 సెంటీమీటర్లంటే తన వీపు కన్నా పెద్దది. ఆ సంగతి నిలబడి ఉన్నప్పుడు ముచ్చటగా ఉంటుంది, కూర్చుంటే తెలుస్తుంది.

ఆ రాత్రి బయటి చుట్టు మొత్తం విప్పేశాను. ఒక్క చుట్టు తీస్తే రెండువైపులా 8 చొప్పున తగ్గి గుల్ల 24 సెంటీమీటర్లకు వచ్చింది. మిగిలిన గొట్టం మీటరు పొడవుంది! బయటి చుట్టులోనే అంత గుడ్డ పోతుందని అప్పుడు అర్థమైంది. ఆ ముక్క చివర్లు మూసి పక్కన పెడితే చిన్నోడు ఈడ్చుకుపోయాడు. వాడి లెక్కలో అది వానపాము. పార్టీకి వాడి వేషం కూడా తేలిపోయింది, నేను ఏమీ చేయకుండానే. ఒక్క జాగ్రత్త, అది మెడకు చుట్టుకోకుండా ఎప్పుడూ ఒకరం వాడి వెంటే ఉన్నాం.

పట్టీలు మొదట ముడి వేసేలా పెట్టాను. తలుపు గొళ్ళేనికి తగిలితే పిల్లను వెనక్కి లాగేస్తాయని మా ఆవిడ అంది. అందుకని ఛాతీ మీద వెల్‌క్రో పెట్టాను. గట్టిగా లాగితే అదే ఊడుతుంది. మెడ దగ్గర మాత్రం ఏ తాడూ, ముడీ పెట్టలేదు.

ఇక కొమ్ములు. నేను రెండు చేశాను. పిల్ల తన జంతువుల పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసి వేలు పెట్టి లెక్కపెట్టింది. నాలుగు. నేల మీద తిరిగే నత్తల్లో చాలా వాటికి నాలుగు కొమ్ములు ఉంటాయి. పైన పొడుగువి రెండు, వాటి కొసనే కళ్ళు. కింద పొట్టివి రెండు, వాసన పసిగట్టడానికి, తడుముకోవడానికి. ఇన్నేళ్ళొచ్చినా నత్త కళ్ళు మొహం మీద ఉంటాయనే నా నమ్మకం.

హెయిర్‌బ్యాండుకు తీగ చుట్టి, కొసకు థర్మకోల్ ఉండలు అంటించడం మొదటి ప్రయత్నం. రెండు సమస్యలు వచ్చాయి. ఉండల బరువుకు కొమ్ములు ముందుకు వాలి మొహం మీదకు వచ్చాయి. పది నిమిషాలకు చెవుల వెనక నొప్పి అని బ్యాండు తీసేసింది. తీగ కొసలు చూస్తే నాకే భయమేసింది, ఏ పిల్లాడి కంట్లోనైనా గుచ్చుకుంటే? తీగ తీసేసి, ఫెల్ట్ గుడ్డతో వేలి లావు గొట్టాలు నాలుగు కుట్టి, దూది బిగించి, టీషర్టు టోపీకే కుట్టేశాను. ఇక్కడ మాత్రం దిట్టంగా కూరాలి, లేకపోతే నిలబడవు. ఫెల్ట్ అంచులు పీచులు లేవవు కాబట్టి మడత కుట్టక్కర్లేదు. నాలాంటి వాళ్ళకు అంతకన్నా దయగల గుడ్డ ఇంకొకటి లేదు.

ఈ మధ్యలో గ్లూ గన్ ముచ్చట. గుల్లను అట్టకు అంటిద్దామని 19న దాన్ని తీశాను. కరిగిన జిగురు చూపుడు వేలి మీద పడింది. అది వేడినీళ్ళలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. పరుగెత్తి 20 నిమిషాలు కుళాయి కింద పెట్టాను. అయినా పొక్కు లేచింది. అంత చేసినా ఏం లాభం? మర్నాడు మధ్యాహ్నం ఎండపడే కిటికీ పక్కన పెడితే జిగురు మెత్తబడి గుల్ల ఒకవైపు ఊడింది. చివరికి పెద్ద సూది, దబ్బనపు దారంతో అట్టకు కన్నాలు పొడిచి కుట్టాను. మొదటే అలా కుట్టి ఉంటే వేలు మిగిలేది.

కేకు సంగతికి వస్తే, ముందు రెండు ట్రయల్స్ వేయాలనుకున్నాను. ఈ 21 రోజుల్లో నేను తీసుకున్న మంచి నిర్ణయం ఇదొక్కటే.

మొదటి ట్రయల్ 15న, ఆదివారం. 20 సెంటీమీటర్ల టిన్ను, 180 డిగ్రీలు, 35 నిమిషాలు అని పెట్టాను. 25వ నిమిషానికే పైన గోపురంలా లేచి నిలువునా పగిలింది, అంచులు మాడాయి. పుల్ల గుచ్చితే మధ్యలో ఇంకా పచ్చి. మళ్ళీ వారం లోపు ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు తెచ్చి చూశాను. 180 అని పెడితే లోపల 200 ఉంది. నా కొలత తప్పని, పిండి తప్పని, బేకింగ్ పౌడర్ తప్పని వారం రోజులు నన్ను నేను అనుమానించుకున్నాను. 160 దగ్గర పెట్టాక కేకు బుద్ధిగా, సమంగా లేచింది.

ఆ ట్రయల్లోనే ఇంకో ఘోరం చేశాను. చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంది, పరవాలేదులే అని బటర్‌క్రీమ్ పూశాను. మొదట అంచుల్లో మెరిసింది. తర్వాత నెమ్మదిగా జారడం మొదలైంది. పైపొర కింది పొర మీద నుంచి మెల్లగా, ఏ తొందరా లేకుండా పక్కకు నడిచింది. "నాన్నా, నత్త నడుస్తోంది" అంది పాప. వెన్న ఒంటి వేడికే కరిగిపోయే పదార్థం, వెచ్చటి కేకు మీద ఎలా నిలుస్తుంది? 20 సెంటీమీటర్ల కేకు పూర్తిగా చల్లారడానికి నాకు రెండు గంటలు పట్టింది. పైన చల్లగా ఉన్నా అడుగు చెయ్యి పెట్టి చూడాలి. తిన్నాం లెండి, స్పూన్లతో.

రెండో ట్రయల్ 22న. 250 గ్రాముల వెన్నకు 500 గ్రాముల ఐసింగ్ షుగర్, రెండు చెంచాల పాలు. వెన్నను ముందు ఒక్కదాన్నే అయిదు నిమిషాలు గిలక్కొడితే పసుపు తగ్గి తెల్లబడుతుంది. ఊదా రంగు కలపాలంటే ఆ తెలుపు ముఖ్యం, పసుపు మీద ఊదా పడితే మట్టిరంగే. షుగర్ జల్లించడం బద్ధకించాను. క్రీము పిండే పైపింగ్ బ్యాగ్ మూతికున్న నాజిల్‌లో ఒక గడ్డ అడ్డం పడింది, నేను గట్టిగా నొక్కాను, పైపింగ్ బ్యాగ్ వెనక నుంచి పగిలి క్రీము మోచేతి దాకా వచ్చింది. రెండోసారి జల్లించాను.

రంగుల దగ్గర రెండు విషయాలు నాకు ఎవరూ చెప్పలేదు. జెల్ రంగు కలిపిన వెంటనే కనిపించే రంగు అసలు రంగు కాదు, కొన్ని గంటలాగితే ముదురుతుంది. లేతగా ఉందని ఇంకాస్త, ఇంకాస్త కలిపితే పొద్దున్నకు వంకాయ రంగయింది. ఇక రెండోది, ట్రయల్ కేకు సగం కిటికీ దగ్గర ఉంచితే మర్నాటికి వెలుతురు తగిలిన వైపు నీలంగా మారింది. ఊదాలోని గులాబీ వెలుతురుకు ముందుగా వెలిసిపోయి నీలం మిగులుతుంది. అందుకని అసలు కేకును బల్ల మీదకు తెచ్చేదాకా మూతపెట్టిన డబ్బాలోనే ఉంచాను.

నత్త తల, తోక ఫాండెంట్‌తో, అంటే బొమ్మలు చేసే చక్కెర ముద్దతో, అదే రోజు చేశాను, ఆరడానికి వారం ఉండాలని. మెడ నిలబెట్టి వదిలితే పది నిమిషాల్లో వంగి, నిద్రపోతున్న నత్తయింది. లోపల పళ్ళు కుట్టుకునే పుల్ల పెడదామనుకున్నాను. తినేది పిల్లలు, ఎవడి నోట్లోనో గుచ్చుకుంటే? వండని స్పగెట్టీ పుల్లలు రెండు గుచ్చాను. పంటి కింద పడ్డా ప్రమాదం లేదు. ఫాండెంట్‌ను గట్టిపరిచే టైలోస్ అనే పొడి కొద్దిగా కలిపి పిసికితే గట్టిగా ఆరింది. తొందరగా గట్టిపడుతుందని నేను ఒక రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. బయటికి తీస్తే చెమటలు పట్టి, వేలికి అంటుకుంటూ, జలుబు చేసినట్టుంది. అదృష్టం, రెండు రోజులు ఫ్యాన్ గాలికి మళ్ళీ ఆరింది.

26న గురువారం రాత్రి అసలు కేకు బేక్ చేసి, చల్లారాక ప్లాస్టిక్ చుట్టి పెట్టాను. 27న శుక్రవారం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు. గోపురం కోసి చదును చేయడం, మధ్యలో క్రీము, పైన పొడి రాలకుండా పల్చటి మొదటి పూత, అరగంట ఫ్రిజ్, తర్వాత అసలు పూత. చుట్టల గీత వేయాలంటే టర్న్‌టేబుల్ మీద కేకును తిప్పుతూ, సన్నటి గరిటె కొస మధ్యలో ఆనించి, నెమ్మదిగా అంచుకు జరపాలి. ఒకటే ఊపులో పడాలి. మొదటిసారి చెయ్యి వణికి గీత జిలేబీలా వచ్చింది. గీకేసి మళ్ళీ పూశాను. బటర్‌క్రీమ్ గొప్పదనం అదే, ఎన్నిసార్లైనా క్షమిస్తుంది. గీకిన క్రీము మాత్రం వేరే గిన్నెలో వేసుకోవాలి, అందులో కేకు పొడి ఉంటుంది. నాలుగోసారి, రాత్రి 10:40కి, అనుకున్నట్టు పడింది. గరిటె ఎత్తి ఊపిరి వదిలాను.

కేకును డబ్బాలో పెట్టి ఫ్రిజ్ తలుపు తీశాను. పట్టలేదు. కేకు ఎత్తు కొలిచాను, డబ్బా ఎత్తు కొలవలేదు! ఒక అరలోని సామానంతా బయట పెట్టి, పై అర పీకి, డబ్బా దూర్చేసరికి పదకొండున్నర. పాల గిన్నెలు, కూరలు వంటింటి గట్టు మీద వరసగా నిలబడి నన్ను చూస్తున్నాయి. మా ఆవిడ వచ్చి వాటిని చూసింది, నన్ను చూసింది, ఏమీ అనకుండా వెళ్ళి పడుకుంది. మాటివ్వడంలో సగం అన్నానే, ఇది ఆ సగం.

28. పార్టీ సాయంత్రం అయిదింటికి. నాలుగున్నరకు పిల్ల తయారైంది. తన ప్యాంటు, టీషర్టు కాబట్టి రెండు నిమిషాల పని. వచ్చినవాళ్ళలో మా బావగారు గుల్ల చూసి "ఏంటమ్మా, దోమల కాయిల్ మోస్తున్నావ్?" అన్నారు. పిల్ల ఆగి, వెనక్కి తిరిగి, చాలా గంభీరంగా "కళ్ళు కొమ్ముల చివర్లో ఉంటాయి, చూడండి" అంది. అప్పటి నుంచి ఆయన నోరెత్తలేదు.

కేకు చూడగానే మాత్రం నా వైపు తిరిగింది. "నాన్నా, ఇది అటు తిరిగింది, నాది ఇటు తిరిగింది." చూస్తే నిజమే. కేకు గీత ఒక వైపు, వీపు మీద గుల్ల ఇంకో వైపు. టర్న్‌టేబుల్ ఎటు తిప్పుతున్నానో నేను పట్టించుకోనే లేదు. చాలా జాతుల నత్తల గుల్లలు కుడికే తిరుగుతాయని, ఎడమకు తిరిగేవి అరుదని తర్వాత చదివాను. పిల్ల అంత దూరం పోలేదు. "ఇది వేరే నత్త" అని తనే సర్దుకుంది.

నేను ముందు ఆలోచించని ప్రమాదం కొవ్వొత్తుల దగ్గర ఎదురైంది. ఊదడానికి వంగగానే పై కొమ్ములు రెండూ తలతో పాటు ముందుకు వాలాయి, సరిగ్గా మంట మీదకు. ఫెల్ట్, ఫ్లీస్, లోపలి ఫైబర్, అన్నీ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అతుక్కునే రకం. మా ఆవిడ ఒక్క అంగలో వెనక నుంచి టోపీ లాగేసింది. ఎవరికీ పెద్దగా తెలియను కూడా తెలియలేదు, వీడియోలో అరసెకను. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టేదాకా ఆ అరసెకనే కళ్ళ ముందు. వేషం వేసిన పిల్లతో కొవ్వొత్తులు ఊదిస్తుంటే ముందుగా టోపీ, రెక్కలు, జరీ గుడ్డలు తీసేయించండి. పొద్దున్నే ఒకసారి వెలిగించకుండా రిహార్సల్ చేసుంటే నాకు ముందే తెలిసేది.

గుల్ల ఒంటి మీద ఎంతసేపు ఉందని అడుగుతారేమో. మొదట 50 నిమిషాలు, తర్వాత తినడానికి తీసింది, మళ్ళీ అరగంట. పులి కన్నా పది రెట్ల పైనే.

ఖర్చు దగ్గర నిజం చెప్తాను. ఇంట్లో చేస్తే చవక అనుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. గుల్లకు, కొమ్ములకు అయింది తక్కువే, దిండ్లు పాతవి, బట్టలు పాతవి, అట్ట ఏదో పెట్టెది. పారేసిన ఒంటిముక్క డ్రెస్సు గుడ్డ కలిపితే రెడీమేడ్‌తో సమానం. కేకు మాత్రం కొన్నదాని కన్నా బాగా ఎక్కువైంది. పిండి, వెన్న, చక్కెర వల్ల కాదు. టిన్ను, టర్న్‌టేబుల్, గరిటె, నాజిళ్ళు, జెల్ రంగులు, థర్మామీటరు, కేకు కింద పెట్టే బోర్డు, ఆ డబ్బా. దానికి రెండు ట్రయల్ కేకులు కలపండి. అడిగి చూస్తే తెలిసినవాళ్ళ దగ్గర టర్న్‌టేబుల్, నాజిళ్ళు దొరికేవే, నాకు అడగాలని తోచలేదు. ఇప్పుడు నా దగ్గర ఉన్నాయి, కావలసినవాళ్ళు అడగొచ్చు. రాత్రులు మొత్తం 14. సోమవారం మీటింగులో కూర్చుంటే గోళ్ళ చుట్టూ ఇంకా ఊదా రంగే. రెండు రోజులకు గానీ పోలేదు.

మంగళవారం రాత్రి పిల్ల గుల్ల పట్టుకొచ్చి పట్టీలు విప్పేయమంది. అట్ట కూడా తీసేయమంది. అంత కష్టపడి కుట్టిన దబ్బనపు కుట్లు కత్తెరతో ఒక్కొక్కటే తెంపాను. మెత్తటి చుట్ట ఒక్కటీ మిగిలింది. దాన్ని మంచం మీద పెట్టుకుని, మధ్య గుంటలో చెంప ఆనించి పడుకుంది. లోపల ఉన్నది నా పాత దిండే.